పేపర్ కనిపిస్తుంది, తెరుచుకోదు: జర్నల్ వ్యాసం చదవడానికి ఏ దారి ఎవరికి?

వెతికిన పరిశోధన పత్రం కళ్లెదుటే ఉంటుంది. శీర్షిక అదే, సారాంశం చదివితే మనకు కావలసిన విషయమే. 'పూర్తి పాఠం' అన్న చోట నొక్కగానే మాత్రం లాగిన్ అడుగుతుంది, లేదా ముప్పై నలభై డాలర్లు కట్టమంటుంది. కట్టినా కొన్నిచోట్ల ఒకటి రెండు రోజులు తెరమీద చదువుకోవడానికే.

నేను మొదటిసారి ఇలా ఇరుక్కున్నప్పుడు ఆలోచించకుండా కార్డు తీశాను. ఇంట్లో ఒకరికి వచ్చిన జబ్బు గురించి వెతుకుతున్నాను, అర్ధరాత్రి దాటింది, టెన్షన్‌లో ఉన్నాను. డబ్బు కట్టి ఫైలు తెరిస్తే ఒకటే పేజీ, అందులోనూ సగమే. అది పూర్తి పేపర్ కాదు, ఏదో సదస్సులో సమర్పించిన దాని సారాంశం. అంతకుముందు ఉచితంగా చదివిన పేరాకి అదనంగా నాకు దక్కింది ఒక చిన్న పట్టిక. పేజీల నంబర్లు '412–412' అని లింకు పక్కనే రాసి ఉంది, నేనే చూసుకోలేదు. వారం తర్వాత అదే బృందం రాసిన పూర్తి పేపర్ వాళ్ల యూనివర్సిటీ సైట్లో పైసా ఖర్చు లేకుండా దొరికింది.

అప్పటి నుంచి కార్డు తీయడం నాకు అన్నిటికంటే చివరి పని అయింది. అంతకంటే ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో ఏది ఎవరికి పనికొస్తుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒక సంగతి ముందే తెలిసి ఉంటే మంచిది. మీరు కట్టే ఆ ముప్పై నలభై డాలర్లలో పేపర్ రాసినవాళ్లకు వాటా ఉండదు. దాన్ని పరిశీలించి తప్పొప్పులు చెప్పిన సమీక్షకులకూ సాధారణంగా ఏమీ ముట్టదు. రాసినవాళ్లకు కావలసింది తమ పేపర్ నలుగురూ చదవడం, నలుగురూ ఉదహరించడం. కింద చెప్పబోయే ఉచిత దారుల్లో చాలావరకు ఈ కోరిక వల్లే నడుస్తున్నాయి.

దారి ఎంచుకునే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. మీకు కావలసింది ఒక్క పేపరా, నెలకు ఇరవై ముప్పైయా? చదివి అర్థం చేసుకుంటే సరిపోతుందా, లేక దాన్ని పట్టుకుని ఒకరికి మందు రాయడమో, ఒక డిజైన్ మార్చడమో, పత్రికకు వార్త రాయడమో చేయబోతున్నారా? ఎంత ఖర్చు పెట్టాలన్నది మొదటి ప్రశ్న మీద ఆధారపడుతుంది. ఏ ప్రతి అయితే సరిపోతుందన్నది రెండోదాని మీద. జనం మొదటిదాని గురించే తల బద్దలు కొట్టుకుంటారు. నా లెక్కలో రెండోదే పెద్దది.

ముందు ఉచిత ప్రతి ఉందేమో చూడాలి

దాదాపు ప్రతి పేపర్‌కీ డీఓఐ అని ఒక శాశ్వతమైన నంబరు ఉంటుంది, '10.' తో మొదలవుతుంది. మరీ పాత వాటికి లేకపోవచ్చు. వెతుకులాట అంతా ఈ నంబరు చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందు దాన్ని కాపీ చేసి పెట్టుకోండి.

2017లో వచ్చిన అన్‌పేవాల్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్‌ను బ్రౌజర్‌కు తగిలించుకుంటే, పేవాల్ పేజీ, అంటే డబ్బు కడితేనే చదవనిచ్చే పేజీ, తెరిచినప్పుడు పక్కన ఒక చిన్న తాళం బొమ్మ కనిపిస్తుంది. తాళం తెరిచి ఉంటే ఎక్కడో చట్టబద్ధమైన ఉచిత ప్రతి ఉన్నట్టు, నొక్కితే అక్కడికే తీసుకెళ్తుంది. మూసి ఉంటే దానికి దొరకలేదని అర్థం. దానికి దొరకనంత మాత్రాన అసలు లేదని కాదు.

గూగుల్ స్కాలర్ వల ఇంకా పెద్దది. శీర్షిక మొత్తాన్ని కోట్స్‌లో పెట్టి వెతకండి. కుడివైపు పీడీఎఫ్ అని కనిపిస్తే సరే. కనిపించకపోతే ఫలితం కింద చిన్న అక్షరాలతో 'ఆల్ వెర్షన్స్' అని ఒక లింకు ఉంటుంది, చాలామంది దాన్ని అసలు పట్టించుకోరు. అందులోకి వెళ్తే అదే పేపర్ ఏయే సైట్లలో ఉందో వరసగా చూపిస్తుంది. ప్రచురణకర్త పేజీ ఒకటి, యూనివర్సిటీ తన వాళ్ల పేపర్లు దాచిపెట్టే రిపాజిటరీ ఒకటి, రచయిత సొంత పేజీ ఒకటి, ఇలా. నా వారం రోజుల తర్వాతి పేపర్ అక్కడే దొరికింది.

ఈ రెంటిలో ఏది ముందు? తొందరలో ఉంటే అన్‌పేవాల్, ఓపిక ఉంటే స్కాలర్. అన్‌పేవాల్ చట్టబద్ధమైన చోట్లనే వెతుకుతుంది, రీసెర్చ్‌గేట్ లాంటి, పరిశోధకులు కలుసుకునే సోషల్ సైట్లను లెక్కలోకి తీసుకోదు. స్కాలర్‌కి ఆ పట్టింపు లేదు, ఎవరో క్లాసు కోసం పెట్టుకున్న స్కాన్‌ను కూడా చూపించేస్తుంది. మీ సొంత చదువుకైతే పెద్ద తేడా ఉండదు. ఆఫీసు ఫైల్లో పెట్టబోతుంటే మాత్రం ఆ ప్రతి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసుకోవాలి.

ఇక్కడ సబ్జెక్టును బట్టి అదృష్టం మారిపోతుంది. ఫిజిక్స్, గణితం వాళ్లకు దాదాపు పండగే. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టిన ఆర్‌కైవ్ అనే ఉచిత సైట్లో తమ పేపర్ పెట్టడం అక్కడ మామూలు అలవాటైపోయింది. వైద్యం, జీవశాస్త్రం అయితే పబ్‌మెడ్ సెంట్రల్ చూడాలి. పబ్‌మెడ్‌కీ దీనికీ తేడా తెలియక తికమకపడేవాళ్లు ఎక్కువ. పబ్‌మెడ్ ఒక సూచిక, అందులో ఉండేవి ఎక్కువగా సారాంశాలే. 2000లో మొదలైన పబ్‌మెడ్ సెంట్రల్ పూర్తి వ్యాసాల భాండాగారం. అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ డబ్బుతో జరిగిన పరిశోధనలు 2008 నుంచి ఏడాదిలోపు ఇందులోకి చేరాలన్న నిబంధన ఉండేది. 2025 జులై 1 నుంచి ఆ ఏడాది గడువు కూడా పోయింది. ఆ తేదీ నుంచి అంగీకారం పొందిన పేపర్లు అచ్చయిన రోజునే అందరికీ అందుబాటులో ఉండాలి.

కెమిస్ట్రీ, ఇంజినీరింగ్ వాళ్లకు మాత్రం ఇంత సుఖం లేదు. అక్కడ కోర్ అనే సైటును ఒకసారి ప్రయత్నించండి, ప్రపంచంలోని యూనివర్సిటీ రిపాజిటరీలను ఒకచోటికి చేర్చి వెతుకుతుంది. పేపర్ దొరక్కపోయినా అదే రచయిత పీహెచ్‌డీ థీసిస్ దొరకవచ్చు. పేపర్‌లో నాలుగు వాక్యాల్లో తేల్చేసిన పద్ధతి థీసిస్‌లో నలభై పేజీలు ఉంటుంది. ఒక్కోసారి పేపర్ కన్నా అదే నయం.

ఓపిక పట్టడం కూడా ఒక దారే. కొన్ని జర్నళ్లు కొంతకాలం అయ్యాక తామే తలుపు తీస్తాయి. అమెరికా సైన్స్ అకాడమీ జర్నల్ పీఎన్‌ఏఎస్ అయితే ఆరు నెలలకు. అలాగే ఇవాళ ప్రచురణకర్త సైట్లో ఉచితంగా ఉన్నది రేపు ఉంటుందన్న హామీ లేదు. లైసెన్స్ ఏమీ చెప్పకుండా ఊరికే తెరిచి పెట్టిన వ్యాసాన్ని వాళ్లు ఎప్పుడైనా మూసుకోవచ్చు. కనిపించిన రోజునే దించుకుని పెట్టుకోండి.

చేతికొచ్చింది ఏ ప్రతి?

ఒకే పేపర్‌కి మూడు రూపాలు ఉంటాయి. జర్నల్ వాళ్లు చూడకముందు రచయితలు తామే బయటపెట్టింది ప్రిప్రింట్. సమీక్ష అయ్యి, సవరణలు చేసి, జర్నల్ ఒప్పుకున్న తర్వాతి రాతప్రతి ఆమోదిత ప్రతి. దానికి పేజీల నంబర్లు, జర్నల్ అలంకారాలు చేరితే తుది ప్రతి.

చూపుకీ విలువకీ ఇక్కడ పొంతన ఉండదు. ఆమోదిత ప్రతి చూడ్డానికి ఘోరంగా ఉంటుంది. లైన్ల మధ్య ఇంతింత ఖాళీ, ఎడమపక్క లైను నంబర్లు, పట్టికలన్నీ చివర్లో. ఇది డ్రాఫ్టేమో అనుకుని పక్కన పడేసేవాళ్లను చూశాను. నిజానికి అది సమీక్ష దాటిన ప్రతి, తుది ప్రతితో పోలిస్తే భాషా సవరణలు తప్ప విషయంలో తేడా సాధారణంగా ఉండదు. ప్రిప్రింట్ మాత్రం రెండు కాలమ్‌లలో ముద్దుగా అమర్చి, అచ్చం జర్నల్ పేజీలా కనిపించవచ్చు. దాన్ని సమీక్షకులెవరూ చూసి ఉండకపోవచ్చు.

ఒకసారి ఒక పేపర్ ప్రిప్రింటునీ తుది ప్రతినీ పక్కపక్కన పెట్టి చదివాను. ఓ వ్యాయామం వల్ల మోకాళ్ల నొప్పి తగ్గుతుందా అన్న విషయం. ప్రిప్రింట్ శీర్షికలో 'తగ్గిస్తుంది' అని ఉంది. తుది ప్రతి శీర్షికలో 'సంబంధం కనిపిస్తోంది' అని మారింది. ఫలితాల పట్టిక కింద కొత్తగా ఒక వరస చేరింది: మధ్యలో మానేసినవాళ్లను కూడా లెక్కలోకి తీసుకుంటే తేడా దాదాపు సగానికి పడిపోయింది. చర్చ భాగంలో కొత్త పేరా ఒకటి, వ్యాయామం చేసినవాళ్లు వయసులో కాస్త చిన్నవాళ్లని ఒప్పుకుంటూ. ఎవరో ఒక సమీక్షకుడు గట్టిగా అడిగి ఉంటాడు. ప్రిప్రింట్ ఒక్కటే చదివి మా ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి ఉంటే, నేను రెండింతలు నమ్మకంగా చెప్పి ఉండేవాణ్ణి.

అలాగని ప్రిప్రింట్లను తీసిపారేయకండి. కొత్త విషయం అందరికంటే ముందు తెలిసేది అక్కడే. జీవశాస్త్రానికి 2013లో వచ్చిన బయోఆర్‌కైవ్, వైద్యానికి 2019లో వచ్చిన మెడ్‌ఆర్‌కైవ్ రెండూ ఇది సమీక్ష కానిదని పేజీ మీదే చెప్తాయి. వైద్య నిర్ణయాలకు దీన్ని ఆధారం చేసుకోవద్దని కూడా మెడ్‌ఆర్‌కైవ్ హెచ్చరిస్తుంది. తర్వాత జర్నల్లో అచ్చయితే ఆ పేజీలోనే దాని లింకు చేరుతుంది, వెళ్లి చూసుకోవచ్చు.

విషయం తెలుసుకోవడానికైతే మూడింటిలో ఏదైనా చాలు. ఉదహరించాలంటే ఆమోదిత ప్రతి చదివి, తుది ప్రతి డీఓఐ ఇవ్వొచ్చు, పేజీ నంబర్లు మాత్రం సరిచూసుకోవాలి. మోతాదులు, కొలతలు వాడబోయేవాళ్లకు తుది ప్రతి తప్ప వేరే దారి లేదు. దశాంశ చుక్క ఒక్కటి అచ్చుకు ముందు ప్రూఫుల్లో సరిదిద్ది ఉంటే చాలు, ముందటి ప్రతి ప్రమాదకరం అవుతుంది.

రచయితను అడగడం

ఒక్క పేపర్ కావాలి, రెండు మూడు రోజులు ఆగగలరు అంటే నా మొదటి సలహా ఇదే. సారాంశం పేజీలో కరెస్పాండింగ్ ఆథర్ అని ఒకరి పేరు, ఈమెయిల్ ఉంటాయి. ప్రచురణకర్తల నిబంధనల్లో చాలావరకు రచయిత తన పేపర్‌ను అడిగిన వ్యక్తికి సొంత చదువు కోసం పంపడాన్ని అనుమతిస్తాయి.

మెయిల్ చిన్నగా రాయండి. సబ్జెక్ట్ లైనులో పేపర్ శీర్షిక, లోపల మీరెవరో ఒక వాక్యం, ఎందుకు కావాలో ఒక వాక్యం, 'ఆమోదిత ప్రతి అయినా చాలు' అని ఒక వాక్యం. ఈ చివరిది ముఖ్యం. జర్నల్ పీడీఎఫ్ పంపొచ్చో లేదో అని తటపటాయించే రచయితకు అది పని తేలిక చేస్తుంది. రచయితల జాబితాలో మొదట ఉన్నవాళ్లకూ చివర ఉన్నవాళ్లకూ కలిపి పంపండి. చాలా రంగాల్లో చివరి పేరు ల్యాబ్ అధిపతిది, ఆ ఇన్‌బాక్స్ సముద్రం. మొదటి పేరు సాధారణంగా ఆ పని చేతులారా చేసిన విద్యార్థిది, తన పేపర్‌ను ఒకరు అడిగారంటే ఆ సంతోషంలోనే జవాబు వస్తుంది.

నాకు వచ్చిన జవాబుల్లో మరిచిపోలేనిది ఒకటుంది. పీడీఎఫ్‌తో పాటు రెండు లైన్లు: 'మూడో పట్టికలో రెండు కాలమ్‌ల తలకట్లు తారుమారయ్యాయి, సవరణ ఇంకా అచ్చు కాలేదు, సరైనది జత చేస్తున్నాను.' డబ్బు కట్టి కొనుక్కుంటే తప్పు పట్టికే వచ్చేది.

ఐదు రోజుల్లో జవాబు రాకపోతే రాదనే అనుకోండి. ఇంకో మెయిల్ కొట్టి విసిగించే బదులు లైబ్రరీ దారి పట్టడం మేలు. రీసెర్చ్‌గేట్‌లో ఉండే 'రిక్వెస్ట్' బటన్ కూడా పనిచేస్తుంది. కానీ యంత్రం పంపిన అభ్యర్థన కన్నా మనిషి రాసిన మెయిల్‌కే ఎక్కువ జవాబులు వచ్చాయి నాకు.

లైబ్రరీ అంటే పుస్తకాలే కాదు

యూనివర్సిటీ లైబ్రరీల చందా ఒప్పందాల్లో చాలావాటిలో, భవనంలోకి వచ్చి కూర్చుని చదివే బయటివాళ్లకు కూడా అనుమతి ఉంటుంది. ఇంటి నుంచి లాగిన్ అవడానికి ఉండకపోవచ్చు, అక్కడి కంప్యూటర్ మీద చదవడానికి ఉంటుంది. ఈ సంగతి బయట బోర్డు మీద ఎవరూ రాయరు. కౌంటర్లో అడిగితే తెలుస్తుంది. పూర్వ విద్యార్థులకు కొన్ని చోట్ల కొద్దిపాటి ఆన్‌లైన్ సౌకర్యం ఇస్తారు, అయితే విద్యార్థిగా ఉన్నప్పటి జాబితా మొత్తం ఉంటుందని ఆశపడొద్దు.

ఇంటర్‌లైబ్రరీ లోన్ అనేది ఇంకో మంచి ఏర్పాటు. మీ లైబ్రరీలో లేని వ్యాసాన్ని వాళ్లే మరో లైబ్రరీ నుంచి తెప్పిస్తారు, ఎక్కువగా స్కాన్ రూపంలో. ఒక రోజు పట్టొచ్చు, పది రోజులు పట్టొచ్చు. ఉచితమో, నామమాత్రపు రుసుమో ఉంటుంది. 1960ల నాటి పేపర్, ఇంటర్నెట్‌లో ఎక్కడా లేనిది కావాలంటే దీన్ని మించింది లేదు. ఇలాంటి వాటికి లైబ్రేరియన్ ఒక్కరే దిక్కు. ఎక్కడ తలుపు తట్టాలో వాళ్లకు తెలిసినట్టు ఏ సెర్చ్ ఇంజన్‌కీ తెలియదు.

ఇంట్లో కూర్చుని వాడుకోగలిగే లైబ్రరీలు రెండు చెప్తాను. జేస్టోర్‌లో ఉచిత వ్యక్తిగత ఖాతా తెరిస్తే 30 రోజులకు 100 వ్యాసాలు ఆన్‌లైన్లో చదువుకోవచ్చు, దించుకోవడం కుదరదు. చరిత్ర, సమాజశాస్త్రం, పాత సంచికలు వెతికేవాళ్లకు ఇది చాలా ఎక్కువ. నిన్నమొన్నటి వైద్య పరిశోధన కావాలనుకుంటే అక్కడ కాలయాపనే. రెండోది వికీపీడియా లైబ్రరీ. ఆరు నెలల ఖాతా, 500 దిద్దుబాట్లు, గత నెలలో కనీసం పది దిద్దుబాట్లు ఉండి, నిషేధం ఏదీ లేని వికీపీడియన్లకు పెద్ద పెద్ద జర్నల్ సేకరణలు ఉచితంగా తెరుస్తుంది. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లలో కూడా ఇది తెలియనివాళ్లు ఉండొచ్చు. ఇప్పటికే అక్కడ పనిచేస్తున్నవాళ్లకు ఇది చేతిలో ఉన్న నిధి. కేవలం పేపర్ల కోసం కామాలు దిద్దుతూ 500 పూర్తిచేద్దాం అనుకుంటే మాత్రం ఆ దారికి వెళ్లకండి.

రోజూ కావలసినవాళ్ల లెక్క వేరు

డాక్టర్లు, ఫార్మసిస్టులు, ఇంజినీర్లు, సైన్స్ విలేకరులు, సొంతంగా పరిశోధన చేసుకునేవాళ్లు ఒక్కో పేపర్ కోసం మెయిళ్లు రాస్తూ కూర్చోలేరు. వాళ్లకు గుత్తంగా ఏదో ఒక ఏర్పాటు కావాలి.

గత మూడు నెలల్లో మీరు చదవాలనుకుని చదవలేకపోయిన పేపర్ల జాబితా రాయండి. ఊహించుకుని రాయకండి, బ్రౌజర్ చరిత్ర తీసి చూడండి. వాటిలో ఎక్కువ భాగం ఒకే జర్నల్‌వో, ఒకే వృత్తి సంఘం జర్నళ్లవో అయితే ఆ సంఘంలో సభ్యత్వం తీసుకోవడం లాభం. సభ్యత్వంతో వాళ్ల జర్నల్ చాలాచోట్ల వచ్చేస్తుంది, విద్యార్థులకూ రిటైర్ అయినవాళ్లకూ రుసుము తక్కువ ఉంటుంది. పేపర్లు పదిహేను జర్నళ్లలో చెల్లాచెదురుగా ఉంటే సభ్యత్వం దండగ. అప్పుడు లైబ్రరీ సభ్యత్వమో, డీప్‌డైవ్ లాంటి నెలవారీ అద్దె సేవో చూడాలి. అద్దె సేవలో చేరే ముందు ఆ జాబితాలోని పేర్లు ఒక్కొక్కటే అక్కడ వెతికి చూడండి. కోట్లాది వ్యాసాలు ఉన్నాయన్న ప్రకటన మీకు అనవసరం, మీ పన్నెండు ఉన్నాయా లేవా అన్నదే లెక్క.

ఆదాయం తక్కువగా ఉన్న దేశాల్లోని సంస్థలకు రీసెర్చ్‌4లైఫ్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో మొదలుపెట్టిన హినారి వైద్యానికి, ఆహార వ్యవసాయ సంస్థ నడిపే అగోరా వ్యవసాయానికి, ఇలా విభాగాలున్నాయి. కొన్ని దేశాలకు పూర్తిగా ఉచితం, కొన్నిటికి తక్కువ రుసుము. దీన్ని ఆసుపత్రి, కాలేజీ, ప్రభుత్వ కార్యాలయం లాంటి సంస్థలే తీసుకోగలవు, వ్యక్తులు చేరలేరు. మీ సంస్థ అర్హత ఉండి కూడా నమోదు చేసుకోలేదేమో అడిగి చూడండి. ఆ ఒక్క ఫారం నింపితే అక్కడి అందరి సమస్యా తీరుతుంది.

విలేకరులకు ఒక అదనపు దారి ఉంది. అమెరికన్ సైన్స్ సంఘం 1996 నుంచి నడుపుతున్న యురేకలర్ట్ లాంటి చోట నమోదు చేసుకుంటే, అచ్చు కాబోయే పరిశోధనల సమాచారం ముందుగానే అందుతుంది. చెప్పిన గంట వరకు బయటపెట్టకూడదన్న షరతుతో.

కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. మీ పేరు మీద కొన్న పీడీఎఫ్‌ను టీం మొత్తానికి ఫార్వర్డ్ చేయడం మామూలుగా ఆ కొనుగోలు షరతులకు విరుద్ధం. ఉచితంగా చదవడానికి ఉన్నంత మాత్రాన బొమ్మ తీసుకుని ప్రెజెంటేషన్లో పెట్టుకోవచ్చనీ కాదు. పేజీ అడుగున క్రియేటివ్ కామన్స్ లైసెన్స్, అంటే ఎలా వాడుకోవచ్చో చెప్పే షరతు, ఏదో చూడండి. 'బై' ఒక్కటే ఉంటే పేరు చెప్పి, లైసెన్స్ లింకు ఇచ్చి, మార్పులు చేస్తే ఆ సంగతి చెప్పి దేనికైనా వాడుకోవచ్చు. 'ఎన్‌సీ' అంటే వ్యాపారానికి కుదరదు, 'ఎన్‌డీ' అంటే మార్చి పంచకూడదు.

డబ్బు కట్టక తప్పనిది ఎప్పుడు?

అన్నీ చూశాక కూడా దొరకలేదు, రేపు ఉదయానికి కావాలి, తుది ప్రతే కావాలి. అప్పుడు కట్టండి, తప్పులేదు. కట్టే ముందు పేజీల సంఖ్య చూడండి. అది పూర్తి వ్యాసమా, ఉత్తరమా, సదస్సు సారాంశమా చూడండి. ఇస్తున్నది శాశ్వతమైన పీడీఎఫా, 48 గంటల అద్దెనా చదవండి. అనుబంధ ఫైళ్లను చాలాచోట్ల ఉచితంగానే పెడతారు, మీకు కావలసిన పట్టిక అందులోనే ఉండొచ్చు. ముందు దాన్ని తెరవండి.

పేవాల్ వెనక ఉన్న పేపర్లను అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే సై-హబ్ సంగతి అడక్కుండా ఎవరూ ఊరుకోరు. అలెగ్జాండ్రా ఎల్బకియాన్ 2011లో మొదలుపెట్టిన ఆ సైటు మీద 2017లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు కోటిన్నర డాలర్ల నష్టపరిహారం తీర్పు ఇచ్చింది. చాలా దేశాల్లో కోర్టులు దాన్ని ఆపమన్నాయి. జనం అటు ఎందుకు వెళ్తారో నాకు బాగా అర్థమవుతుంది, ఆ అర్ధరాత్రి నాకు తెలిసి ఉంటే ఏం చేసేవాణ్ణో చెప్పలేను. అయినా సలహాగా దాన్ని ఇవ్వను. చట్టం ఒక కారణం. అక్కడి ఫైలు ఏనాటిదో అలాగే ఉండిపోతుంది, తర్వాత వచ్చిన సవరణ, ఉపసంహరణ దాని మీద కనిపించవు. వృత్తిరీత్యా సంతకం పెట్టే పనికి ఆ ఒక్క లోపం చాలు.

అసలు ఈ పేపరే కావాలా?

రోగి తరఫున వెతుకుతున్నవాళ్లు ఈ ప్రశ్న ముందే వేసుకుంటే సగం శ్రమ తప్పుతుంది. ఒక్క అధ్యయనం చదివితే ఒక్క అధ్యయనమే తెలుస్తుంది. అదే విషయం మీద జరిగిన వాటన్నిటినీ కలిపి తూచిన సమీక్ష చదివితే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది. ఇలాంటి సమీక్షలు చేసే కోక్రేన్ సంస్థ సమీక్షలకు మామూలు భాషలో రాసిన సారాంశాలు ఉచితం, పూర్తి సమీక్షలు కూడా అచ్చయిన 12 నెలలకు ఉచితంగా తెరుచుకుంటాయి. పని ఒత్తిడిలో ఉన్న డాక్టరుకైనా మొదట చికిత్సా మార్గదర్శకాలు, తర్వాత ఇలాంటి సమీక్ష, ఆ తర్వాతే విడి పేపర్.

పేపర్ దొరకలేదు కదా అని సారాంశంతో సరిపెట్టుకోవడం మాత్రం వద్దు. మంచి ఫలితం సారాంశంలో మొదటి వాక్యంలో ఉంటుంది. మందు పడక మధ్యలో మానేసినవాళ్ల సంఖ్య లోపలెక్కడో పట్టికలో ఉంటుంది.

ఉచిత జర్నల్ అంటే నాసిరకం అన్న అపోహ ఇంకా ఉంది. ప్లాస్ జర్నళ్లు 2003 నుంచి పూర్తిగా తెరిచే ఉన్నాయి. వాటిలో ఖర్చు పాఠకుడి నుంచి రచయిత వైపుకు మారింది, అంతే. నేచర్‌లో ఒక వ్యాసాన్ని అలా తెరవడానికి రుసుము 9,500 యూరోలని 2020 చివర్లో ప్రకటించినప్పుడు పరిశోధకులే నోరెళ్లబెట్టారు. ఈ పద్ధతిని వాడుకుని డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే మోసకారి జర్నళ్లూ పుట్టుకొచ్చాయి. పేరు ఎప్పుడూ వినని ఉచిత జర్నల్ అయితే 2003లో మొదలైన, ఉచిత జర్నళ్ల జాబితా అయిన డీఓఏజేలో ఉందో లేదో చూడండి. అందులో ఉంటే కనీసం ఒక జల్లెడ దాటినట్టు.

దొరికాక ఇంకొక్క నిమిషం

పెద్ద జర్నల్, తుది ప్రతి, డబ్బు కట్టి కొన్నది. అయినా అది ఇంకా నిలిచి ఉందో లేదో చూడాలి. 2020 మే 22న వైద్య జర్నల్ లాన్సెట్‌లో కోవిడ్‌కు వాడిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు మీద వచ్చిన పేపర్‌ను జూన్ 4నే వెనక్కి తీసుకున్నారు. అదే జర్నల్లో 1998లో టీకాలనూ ఆటిజాన్నీ ముడిపెట్టిన పేపర్ వెనక్కి పోవడానికి 2010 దాకా పట్టింది. ఆ పన్నెండేళ్లలో దించుకున్న పీడీఎఫ్‌ల మీద ఏ హెచ్చరికా ఉండదు.

పబ్‌మెడ్‌లో వెతికితే ఉపసంహరించిన పేపర్ పేజీలో పైనే ఆ మాట కనిపిస్తుంది. మిగతా రంగాలకు ఉపసంహరణలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ ఉంది, 2023లో డీఓఐలు నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్ దాన్ని తీసుకుని అందరికీ తెరిచింది. డీఓఐ అక్కడ అతికించి చూస్తే సరి.

నేను దించుకున్న ప్రతి ఫైలు పేరులో రచయిత, సంవత్సరం, 'ప్రి', 'ఆమో', 'తుది' వీటిలో ఏదో ఒకటి, దించిన తేదీ ఉంటాయి. పాత ఫైలు తెరవాల్సి వచ్చినప్పుడు ముందు డీఓఐ పేజీ తెరుస్తాను. కిందటి నెల అలా తెరిస్తే ఆ మోకాళ్ల నొప్పి పేపర్‌కి మరో సవరణ వచ్చి ఉంది.